ఊరి బడిలో ఊరెంత?

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ కలిసి కూర్చున్నారు. తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడులాట, పిల్లల మార్కుల మీద మాటామంతీ, చివర్లో అందరికీ కలిపి భోజనం. మరుసటి ఏడాది జులై 10న అదే తంతు మళ్లీ నడిచింది. తెలంగాణలోనూ 2024లోనే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాలవాళ్లనూ తల్లులనూ కలిపి, బడి మరమ్మతుల పని వాళ్ల చేతుల్లో పెట్టారు. వీటిని మెచ్చుకునేవాళ్లున్నారు, ఫొటోల సంబరమని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఒక్క మాట దగ్గర మాత్రం కలుస్తారు. ఒకప్పుడు బడి ఊరిదే, సర్కారు దాన్ని లాక్కుంది, అప్పటినుంచి ఊరు చేతులు దులుపుకుంది, ఇప్పుడు మళ్లీ ఊరికి అప్పజెప్పాలి అన్నదే ఆ మాట. వినడానికి బాగానే ఉంది. రెండు వందల ఏళ్ల కాగితాలు తిరగేస్తే మాత్రం ఈ కథ తిన్నగా నిలబడదు. బడి ఊరి చేతిలో ఉన్నన్నాళ్లూ ఊరందరిదీ కాలేదు. అందరిదీ అయ్యాక, ఊళ్లో నోరున్నవాళ్లు దాన్ని వదిలి వెళ్లిపోయారు. ఈ రెండూ కలిపి చూడకపోతే నేటి కమిటీల కష్టమేమిటో అంతుపట్టదు.

పాత బడి ఎలా ఉండేదో చెప్పే గట్టి సాక్ష్యం 1822 నాటిది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆ ఏడాది జూన్‌లో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎవరు చదువుతున్నారు, ఏ కులం వాళ్లెంతమంది అని కలెక్టర్లను లెక్క అడిగాడు. 1826 నాటికి లెక్క తేలింది: 1,28,50,941 మంది జనానికి 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. కలెక్టర్లలో చాలామంది పట్టికలు నింపి ఊరుకున్నారు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ మాత్రం 1823లో బడి లోపలికి తొంగిచూసి రాశాడు. ఆ జిల్లాలో 533 బడులుంటే అందులో 226 తెలుగువి, 235 కన్నడవి. పిల్లవాడికి అయిదేళ్లు నిండాక మంచిరోజు చూసి, పంతులునూ తోటి పిల్లలనూ ఇంటికి పిలిచి, వినాయకుడి ముందు బియ్యంలో వేలితో అక్షరాలు దిద్దించేవారు. పొద్దున్నే ఆరింటికల్లా బడి మొదలు. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అక్కణ్నుంచి వచ్చినవాడికల్లా ఒక్కటి చొప్పున పెరుగుతూ పోయేది. ఇసుకలో దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం, మొండికేసినవాణ్ని చేతులు కట్టి దూలానికి వేలాడదీయడం, గుంజీళ్లు తీయించడం, అన్నీ రాశాడు. మన ముసలివాళ్లు కోదండం వేయడమని చెప్పే శిక్ష ఈ వేలాడదీయడమే. 533 బడుల్లో ఒక్కదానికైనా ప్రభుత్వం నుంచి పైసా అందడం లేదని సిగ్గుపడుతూ రాసింది కూడా ఈ క్యాంబెలే.

సర్కారు సాయం లేని ఆ బడిని ఎవరు నడిపారు? పంతులును పిలిచి కూర్చోబెట్టుకున్న నాలుగైదు ఇళ్లవాళ్లు. బడికంటూ వేరే ఇల్లుండేది కాదు. ఎవరిదో ఒక అరుగు, లేకపోతే గుడి మండపం, చావిడి. పిల్లవాడి తల్లిదండ్రులు నెలకింత అని డబ్బో, పంట రోజుల్లో ధాన్యమో ఇచ్చేవారు. పంతులు బతుకు తేలేది మాత్రం దసరాకే. పిల్లలకు కొత్తబట్టలు తొడిగి, చేతికి విల్లంబులిచ్చి, వరసగా నిలబెట్టి ఇంటింటికీ తీసుకెళ్లేవాడు. అయ్యవారికి వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు అడిగే ఆ పాట ఇప్పటికీ చాలామందికి నోటికొచ్చు. అందులో సరదా ఎంతుందో జీతం అడుక్కోవడమూ అంతే ఉంది. ఏ గుమ్మం ముందు ఆగాలి, ఏ గుమ్మం దాటి పోవాలి అన్నది పంతులుకు బాగా తెలుసు. పిల్లవాడికి ఎక్కాలు రాకపోతే ఆ ఇంటి పెద్ద నిలదీస్తాడు, నచ్చకపోతే పంతులును మార్చేస్తాడు. ఈ రోజుల్లో మనం జవాబుదారీ అని పెద్ద పేరు పెట్టి వెతుకుతున్న సరుకు అక్కడ పుష్కలంగా ఉండేది. కాకపోతే అది డబ్బిచ్చినవాడికి చెప్పే జవాబు. ఇవ్వనివాడికి అడిగే చోటే లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, చిన్నదేమీ కాదు. 1983లో ధరంపాల్ ఈ మన్రో లెక్కలన్నిటినీ ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ అనే పుస్తకంగా అచ్చువేశాడు. పాత బడులు బ్రాహ్మణులకే పరిమితమన్నది అబద్ధమనీ, శూద్రులే ఎక్కువమంది చదివారనీ ఆ పట్టికలతోనే చూపించాడు. అంతకు ముందు 1931లో లండన్‌లో గాంధీ కూడా, ఆంగ్లేయులు వచ్చాక మన చదువు తగ్గిందే కానీ పెరగలేదని వాదించాడు. బడులు ఆదరణ లేక ఎండిపోయాయన్న వాదంలో నిజముంది. బళ్లారిలో కూలీనాలీ చేసుకునేవాళ్లు, మిల్లుబట్టతో బతుకు చెడిన నేతపనివాళ్లు పిల్లల్ని మాన్పించేశారని క్యాంబెల్ కూడా రాశాడు. అయితే శూద్రులే ఎక్కువన్న మాట తమిళ జిల్లాలకు బాగా నప్పుతుంది. తెలుగు జిల్లాలకు వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఇక్కడ బడిపిల్లల్లో బ్రాహ్మణులు నాలుగోవంతు మొదలు కొన్నిచోట్ల దాదాపు సగం దాకా ఉన్నారు. వైశ్యులను కూడా కలిపితే మిగతావాళ్లకు దక్కింది సగంకన్నా తక్కువే. ఇక ఆడపిల్లల సంగతి. బళ్లారిలో చదువుతున్న 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. ఆ జిల్లా మొత్తం మీద వెయ్యి మంది జనంలో బడికెళ్లేది ఏడుగురే. మాలమాదిగలు అరుగుకు ఎంత దూరంలో నిలబడాలో ఏ పట్టికా చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ ఎవరికీ తోచలేదు. ధరంపాల్ చూపించిన చెట్టు అందమైనదే కావచ్చు, దాని నీడ ఎంతమేర పడిందో కూడా కొలవాలి కదా.

ఊరంతా కలిసి బడికి డబ్బు కట్టిన సందర్భమూ మనకుంది. ఎందుకో దాన్ని పెద్దగా తలుచుకోరు. 1850ల నడుమ రాజమండ్రిలో సబ్‌కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ నరసాపురంలోనూ దాని చుట్టుపక్కలా బడులు పెట్టించాడు. అవి చూసి పక్క ఊళ్లవాళ్లు తమకూ కావాలన్నారు. ఖర్చుకు శిస్తుతో పాటే బడి పన్ను కూడా కడతామని ఒప్పుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల్లో నీళ్లు పారుతున్న కాలమది. గోదావరి డెల్టా రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడడం మొదలైంది. పన్ను బడులు త్వరగానే పెరిగాయి. ఆ వసూలుకు చట్టబలం ఇవ్వడానికే మద్రాసు ప్రభుత్వం 1863లో ఒక విద్యాచట్టం చేసింది. ఊరు తనంత తానుగా పన్ను వేసుకుని బడి నడుపుకుందంటే గొప్పగానే అనిపిస్తుంది. కానీ శిస్తుతో పాటు వసూలయ్యే పన్నులో రైతు ఇష్టం ఎంత, మునసబు, కరణం మొహమాటం ఎంత? ఊరి తరఫున సంతకం చేసేది పెద్దకాపులే. పన్ను మాత్రం చిన్న కమతంవాడి మీదా పడుతుంది, వాడి పిల్లాడు ఆ వేళకు దూడల వెంట ఉంటాడు. చట్టం ఉన్నా ఈ పద్ధతి మిగతా జిల్లాలకు పెద్దగా పాకలేదు. 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చి పన్నునూ బడినీ బోర్డులకు అప్పగించాక ఊరి ఒప్పుకోలుతో పనే లేకుండా పోయింది. పన్ను బడుల కథను నేను ఓటమి అనను. ఊరు ముందుకొస్తే ఎంత చేయగలదో అది చూపించింది, ఊరు అన్నప్పుడు లెక్కలోకి వచ్చేది ఎవరో కూడా అదే చూపించింది.

లెక్కలోకి రానివాళ్లకు బడి ఊరి బయటినుంచి వచ్చింది. గుంటూరులో 1842నుంచి లూథరన్ మిషన్, ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టులు పల్లెల్లో గదులు వేశారు. వారమంతా బడి, ఆదివారం ప్రార్థన, రెంటికీ పంతులు ఒక్కడే. 1876-78 కరవు తర్వాత ఒంగోలు చుట్టూ మాదిగలు వేలల్లో మతం మారారు. ఆ పల్లెల్లో చాలా చోట్ల పలకా బలపం పట్టిన మొదటి తరం వాళ్లదే. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910లో ఇసామియా బజారులో ఆది హిందువుల, అంటే దళితుల పిల్లలకు బడి తెరిచి, తర్వాత మరిన్ని పెంచుకుంటూ పోయాడు. మద్రాసు రాష్ట్రంలో 1920నుంచి లేబర్ శాఖ అణగారిన కులాలకు విడిగా బడులు పెట్టింది. విడిగా ఎందుకంటే, బోర్డు బడిలో అందరికీ ప్రవేశం ఉందని కాగితం మీద ఉన్నా, ఆ బడి అగ్రహారంలోనో గుడి పక్కనో ఉంటే పిల్లవాడు అక్కడిదాకా నడిచి వెళ్లలేడు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నవల 1922లో వచ్చింది. ఊరికి అటువైపున ఉన్న జీవితం తెలుగు నవల నిండా పరుచుకుంది అప్పుడే. ఊరు బడిని చూసుకునేది అన్న వాక్యాన్ని ఈ పల్లెల్లో నిలబడి చదివితే ఇంకోలా వినిపిస్తుంది. అక్కడ బడిని చూసుకున్నది మిషనువాళ్లు, సంస్కర్తలు, ఎక్కడో ఉన్న ఒక సర్కారు శాఖ. ఊరు అడ్డు పడకుండా ఉంటే అదే పదివేలు.

నా వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణ తెలంగాణలో ఉంది, దాన్ని దాటవేయడం సబబు కాదు. నిజాం రాజ్యంలో సర్కారు బడులు తక్కువ, ఉన్నవాటిలో ఉర్దూదే పెత్తనం. తెలుగు చెప్పేవి ఎక్కువగా ఖాన్గీ బడులు, అంటే ఊళ్లవాళ్లు సొంతంగా పంతులును పెట్టుకుని నడుపుకునేవి. 1924 ప్రాంతంలో, అనుమతి లేకుండా ఖాన్గీ బడి పెట్టకూడదని ప్రభుత్వం నిబంధన తెచ్చింది. నాలుగు వేలకు పైగా ఉన్న బడులు రెండు మూడేళ్లలోనే వెయ్యి చిల్లరకు పడిపోయాయి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు ఈ ఖాన్గీ బడుల గోడు అక్కడ గట్టిగా వినిపించింది. సర్కారే భాషకు అడ్డుపడినచోట బడి ఊరి చేతిలో ఉండడమే మేలు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ మాట ఒప్పుకుంటాను. అలాంటి వేళ అరుగు మీది పంతులే తెలుగుకు దిక్కయ్యాడు. అయితే ఆ పంతులును పోషించింది కూడా ఊళ్లో ఉన్నవాళ్లే, దొరలూ షావుకార్లూ కరణాలూ వకీళ్లూ. దొర గడీకి వెట్టికి పోయేవాడి పిల్లాడికి ఖాన్గీ బడి ఉన్నా ఊడినా తేడా తెలియదు. సర్కారు దుర్మార్గం నిజం, ఊరి సంకుచితం కూడా అంతే నిజం. ఒకటి చూపించి రెండోదాన్ని కప్పెట్టడం మన చరిత్ర రాతల్లో అలవాటైపోయింది.

స్వాతంత్ర్యం తర్వాత 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాక ప్రాథమిక బడి సమితి బడి అయింది. 1980ల చివర్లో సమితి పోయి మండలం రావడంతో మండల పరిషత్తు బడి అయింది. నా లెక్కలో తెలుగు పల్లెబడికి మంచికాలమంటూ ఉంటే అది ఈ మూడు దశాబ్దాలే. చదువు బాగా చెప్పేవారని కాదు. ఒక్క పంతులే అయిదు తరగతులూ చూడాలి, వానొస్తే బడికి సెలవు, సమితి ప్రెసిడెంటుకు కోపమొస్తే పంతులుకు బదిలీ. కానీ ప్రెసిడెంటు కొడుకూ పాలేరు కొడుకూ ఒకే చాపమీద కాకపోయినా ఒకే కప్పు కింద కూర్చున్నారు. స్థలం ఇచ్చిన రైతు, గది కట్టించిన మోతుబరి తమ పేర్లు గోడలోని రాతిపలక మీద చెక్కించుకున్నారు. కారణం కీర్తి అయితే కానివ్వండి, తమ పిల్లలు కూడా ఆ గదిలోనే కూర్చుంటారు కాబట్టి కప్పు కారితే వాళ్లే అడిగేవారు. పంతులు రెండు రోజులు రాకపోతే సమితి ఆఫీసుకు కబురు పోయేది. అలా అడగగలిగినవాడి వెనక అడగలేనివాడి పిల్లాడు కూడా లాభపడ్డాడు. చట్టంలో ఎక్కడా రాసిలేని ఈ ఏర్పాటే సమితి బడిని నిలబెట్టింది.

అది ఎప్పుడు కూలిందో ప్రత్యేకంగా ఒక తేదీ చెప్పలేం. టౌనులో కాన్వెంటు, తర్వాత మండల కేంద్రంలో ఇంగ్లీషు మీడియం, ఆ తర్వాత ఊరి గుమ్మంలోకే వచ్చిన పసుపు బస్సు. ముందు మోతుబరుల పిల్లలు, వెనకే ఉద్యోగస్తుల పిల్లలు, అందులో ఆ బడి పంతుళ్ల పిల్లలు కూడా, చివరికి అప్పుచేసైనా సరే అనుకున్న చిన్న రైతుల పిల్లలు వెళ్లిపోయారు. విచిత్రమేమిటంటే, ఊరికి బడిమీద అధికారం చట్టప్రకారం దక్కింది సరిగ్గా ఈ వలస నడుస్తున్నప్పుడే. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిలో ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేసి, తల్లిదండ్రులు ఎన్నుకునే కమిటీలు పెట్టింది. 2010 ఏప్రిల్ 1నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సగంమంది మహిళలు కావాలనీ చెప్పింది. రెండు వందల ఏళ్లలో మొదటిసారి కూలికెళ్లే దళిత తల్లికి బడి తీర్మానం మీద సంతకం పెట్టే హక్కు వచ్చింది. అప్పటికి కప్పు కారితే ఆఫీసుకు వెళ్లి నిలదీసే ఇళ్లు బడిలో మిగల్లేదు. దాంతో చాలాచోట్ల తీర్మానం హెడ్మాస్టరు రాయడం, చైర్మన్ వేలిముద్రో సంతకమో వేయడం ఆనవాయితీ అయింది. దీన్ని పేదల నిరాసక్తత అనేవాళ్లున్నారు. ఫీజు కట్టే ప్రైవేటు బడిలో తల్లిదండ్రులు పట్టించుకుంటున్నారు కదా అంటారు. అక్కడ ఫీజు కొనిచ్చేది అడిగే హక్కును కాదు, మానేసి ఇంకో బడికి పోయే వీలును. ఆ వీలు లేనివాళ్లకు బడి బాగుపడడం ఒక్కటే దారి. వాళ్లు నిరాసక్తులని తీర్పు చెప్పేముందు, కూలి మానుకుని మీటింగుకు వచ్చిన రోజు వాళ్ల మాట ఎక్కడ రాసుకున్నారో చూడాలి.

వాళ్లకు పట్టలేదన్న మాట తప్పని 2022లో తేలిపోయింది. ఆ ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117 నంబరు ఉత్తర్వుతో, కిలోమీటరు లోపు హైస్కూలుంటే 3, 4, 5 తరగతుల్ని అక్కడికి కలిపేసే పని పెట్టుకుంది. దాని వెనక వాదం తీసిపారేయదగ్గది కాదు. పదిమంది పిల్లలకు ఒక్క టీచరు అయిదు తరగతులూ చెప్పేచోట, ఆ పిల్లలు హైస్కూలుకెళ్తే సబ్జెక్టుకొక టీచరు దొరుకుతారు. తరగతి గదిలో తోడు కూడా దొరుకుతుంది. విద్యాశాస్త్రం పరంగా ఈ మాటకు బలముంది. కానీ బడులు తెరిచిన జులైలో ఎన్నో ఊళ్లలో తల్లులు పిల్లల్ని పంపకుండా గేట్లకు తాళాలేసి రోడ్డెక్కారు. దారిలో రహదారి దాటాలన్నారు, కాలవ ఉందన్నారు, అక్కకూ తమ్ముడికీ బడి వేరైపోతుందన్నారు. కమిటీ పుస్తకంలో నోరు విప్పనివాళ్లే గేటు దగ్గర విప్పారు. ఆ ఉత్తర్వును 2025లో వెనక్కి తీసుకున్నారు. కొత్త ఉత్తర్వులతో మళ్లీ ఇంకో అమరిక తెచ్చారు, దానిమీదా వాదోపవాదాలున్నాయి. కలపడం మంచిదా చెడ్డదా అన్నది ఊరినిబట్టి, దూరాన్నిబట్టి తేల్చాల్సిన సంగతి, ఒక్క కొలబద్ద అన్నిచోట్లా పనికిరాదు. నాకు ముఖ్యంగా తోచింది వేరే. 2019లో ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు–నేడు పథకం మొదలైనప్పుడు మరుగుదొడ్లూ తాగునీరూ గోడలూ బాగుచేసే డబ్బును ఈ తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగానే ఖర్చు పెట్టించారు. సిమెంటు బస్తాల లెక్క చూడగలరని నమ్మి పని అప్పగించిన ప్రభుత్వమే, మూడేళ్లు తిరక్కముందే అదే బడిలో మూడు తరగతులు ఉండాలో పోవాలో తేల్చేటప్పుడు ఆ కమిటీ మాటను అవసరమనుకోలేదు. తెలంగాణ అమ్మ కమిటీలకు అప్పగించినవి కూడా మరమ్మతులే. బిల్లు చెల్లింపుకు తీర్మానం అడుగుతున్నారు, టీచరు ఖాళీకీ తరగతి తరలింపుకీ అడగడం లేదు.